గోడకు పనిముట్ల బోర్డు: కారు షెడ్డులో బిగించుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన కొలతలు 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ బోర్డుకు, మన ఇళ్లలో మామూలుగా ఉండే ఇటుక గోడకు సరిపోతాయి. 8×4 షీటును సగానికి కోయిస్తే ఈ సైజు వస్తుంది. గోడ వేరే రకమైతే ఏం మారుతుందో ఆయా ప్రశ్నల్లో ఉంది. చాలామంది మొదట ప్లైవుడ్ కొనేసి ఆ తర్వాత గోడ సంగతి ఆలోచిస్తారు. దయచేసి వరస తిప్పండి. ఊడి కింద పడ్డ బోర్డుల్లో తప్పు దాదాపు ఎప్పుడూ గోడ దగ్గరే ఉంటుంది.

బోర్డుకు ఏ గోడ మంచిది?

మూడు విషయాలు చూడండి: వాన, చెమ్మ, కారు తలుపు.

ముందు తెరిచి ఉండే పోర్టికోలో వానజల్లు లోపలికి ఎంత దూరం కొడుతుందో నేల మీది మరకలే చెబుతాయి. ఆ మరకలు దాటి లోపలున్న గోడనే ఎంచుకోండి. అవతలి వైపు బాత్రూం ఉన్న గోడ, పైన ట్యాంకు పైపు దిగే గోడ వద్దు. చెమ్మ మీద అనుమానం ఉంటే 2 అడుగుల చదరపు పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి 24 గంటలు వదిలేయండి. నీటి చుక్కలు కాగితం లోపలివైపు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోంది, ముందు దాన్ని బాగు చేయించాలి. కాగితం బయటివైపు మాత్రమే చుక్కలుంటే అది గాలిలోని తేమ. దానికి బోర్డు వెనక గాలి ఆడే సందు వదిలితే చాలు.

ఇక కారు తలుపు. రీపరు (గోడకూ ప్లైకీ మధ్య అడ్డంగా బిగించే చెక్కపట్టీ), ప్లై, దాని మీద పనిముట్లు అన్నీ కలిపి గోడ నుంచి 6, 7 అంగుళాలు ముందుకు వస్తాయి. కారును రోజూ పెట్టే చోటే పెట్టి, తలుపు పూర్తిగా తెరిచి, అంచుకూ గోడకూ మధ్య ఎంత మిగిలిందో కొలవండి. అడుగు కన్నా తక్కువ మిగిలితే బోర్డును కారు ముందున్న గోడకు మార్చండి.

మా గోడ ఇటుకదా, సిమెంటు బ్లాకుదా? పెయింటు వేశాక ఎలా తెలుస్తుంది?

డ్రిల్లింగ్ మెషిన్‌కు 6 మి.మీ. కాంక్రీటు బిట్టు పెట్టి, బోర్డు వెనక మరుగయ్యే చోట ఒక బెజ్జం వేయండి. కింద తెల్ల కాగితం పట్టుకుని, రాలే పొడి రంగు చూడండి. మొదటి 12 నుంచి 20 మి.మీ. వరకు ఏ గోడకైనా బూడిదరంగు పొడే వస్తుంది, అది ప్లాస్టరింగ్. ఆ తర్వాత వచ్చేదే అసలు గోడ.

ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక. బూడిదరంగులోనే ఉండి, బిట్టు ముందుకు కదలడానికి మొరాయిస్తే అది కాంక్రీటు పిల్లరో బీమో. బూడిదరంగులోనే ఉన్నా బిట్టు ఒకే వేగంతో సాఫీగా పోతుంటే ఫ్లైయాష్ ఇటుక. తెల్లటి మెత్తని పొడి, నొక్కకపోయినా బిట్టు దిగిపోతుంటే ఏఏసీ లైట్‌వెయిట్ బ్లాకు. కాస్త గట్టిగా వెళ్లి హఠాత్తుగా చేయి ముందుకు పడిపోతే లోపల బోలు ఉన్న సిమెంటు బ్లాకు.

ఎంత లోతు దగ్గర రంగు మారిందో బిట్టు మీద స్కెచ్ పెన్నుతో గీసుకోండి. అదే మీ ప్లాస్టరింగ్ మందం. తర్వాతి లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఎంత పొడవు స్క్రూ, ఎంత ప్లగ్గు వాడాలి?

ఇటుక గోడకు 8 మి.మీ. నైలాన్ ప్లగ్గు (బెజ్జంలో దూర్చి స్క్రూకు పట్టునిచ్చే గొట్టం), 10 నంబరు 75 మి.మీ. స్క్రూ. బెజ్జం లోతు గోడలోకి 60 మి.మీ.

ఈ 75 ఎలా వచ్చిందో చూడండి. రీపరు మందం 25 పోతే గోడలోకి వెళ్లేది 50. అందులో ప్లాస్టరింగ్ 20 తీసేస్తే ఇటుకలో 30 మి.మీ. పట్టు మిగులుతుంది. 50 మి.మీ. స్క్రూ వాడితే గోడలోకి 25 మాత్రమే వెళ్తుంది, అందులో ఇటుకకు తగిలేది 5. కడ్డీ కొక్కెం వేసి క్యాలెండరు తగిలించడానికి అది సరిపోతుంది. బోర్డుకు సరిపోదు. మీ ప్లాస్టరింగ్ 25 దాటి ఉంటే స్క్రూ కూడా 90కి పెంచండి, దానికి తగ్గట్టు ప్లగ్గు పొడవు, బెజ్జం లోతు కూడా పెరగాలి.

బరువు లెక్క వేస్తే భయపడాల్సిందేమీ లేదు. 12 మి.మీ. ప్లై 4×4 ముక్క 11, 12 కిలోలుంటుంది. పనిముట్లు ఒక 25, 28 కిలోలు అనుకుందాం. మొత్తం 40 కిలోలు. మూడు రీపర్లలో 12 స్క్రూలున్నాయి, ఒక్కోదాని మీద నాలుగు కిలోలు కూడా పడదు. పనిముట్లు ముందుకు పొడుచుకొచ్చి ఉండటం వల్ల పై వరసను గోడ నుంచి బయటికి లాగే బలం కూడా నాలుగు కిలోలకు అటూ ఇటే. అయినా బోర్డులు ఊడతాయి. ఎందుకంటే అసలు పరీక్ష ఇరుక్కున్న పైపు పానాను ఎవరో ఒక్క గుంజు గుంజినప్పుడు, నిచ్చెన జారి ఎవరైనా బోర్డు అంచు పట్టుకున్నప్పుడు వస్తుంది. ఆ క్షణంలో ప్లాస్టరింగ్‌లో మాత్రమే ఉన్న ప్లగ్గు చుట్టూ ఉన్న ఇసుక సిమెంటు పెచ్చులా లేచి వచ్చేస్తుంది. ఇటుకలోకి దిగిన ప్లగ్గు కదలదు.

బెజ్జం వేస్తుంటే ఎర్రపొడి ఆగి మళ్లీ బూడిదపొడి వచ్చింది. పర్వాలేదా?

పర్వాలేదనుకోకండి. బిట్టు రెండు ఇటుకల మధ్య ఉన్న సిమెంటు జాయింటులోకి దిగింది. పాత ఇళ్లలో ఆ జాయింటు గోటితో గీకితే రాలేంత బలహీనంగా ఉంటుంది. ఒక్క బెజ్జమే అలా వస్తే అది నిలువు జాయింటు, 2 అంగుళాలు పక్కకు జరిపి వేయండి. అదే వరసలో రెండో బెజ్జం కూడా అలాగే వస్తే మీ గీత అడ్డ జాయింటు మీదే పడిందన్నమాట. అప్పుడు పక్కకు జరిపి లాభం లేదు, రీపరు మొత్తాన్ని ఒకటిన్నర అంగుళం పైకో కిందికో జరపాలి. వదిలేసిన బెజ్జాల్లో వాల్ పుట్టీ నింపేయండి. ఖాళీగా ఉంచితే చీమలు చేరతాయి.

ఏఏసీ బ్లాకు గోడకు ఏం మార్చాలి?

కొత్త అపార్టుమెంట్లలో చాలావరకు ఇవే. మొదటి మార్పు: మెషిన్‌లో హ్యామర్ మోడ్ ఆపేయండి. మామూలు తిప్పుడుతోనే బెజ్జం పడుతుంది. హ్యామర్‌తో కొడితే 8 మి.మీ. బిట్టుకు 10, 11 మి.మీ. గుంట పడి ప్లగ్గు వదులైపోతుంది. రెండోది: ఏఏసీ కోసం చేసిన ప్లగ్గులు అడిగి తీసుకోండి. దొరకకపోతే 10×100 పొడవాటి ఫ్రేమ్ ప్లగ్గులు వాడండి. గోడ మందం మాత్రం ముందే కనుక్కోండి, 4 అంగుళాల గోడకు అవతలి వైపు చిల్లు పడే ప్రమాదముంది. మూడోది: రీపరుకు నాలుగు స్క్రూల బదులు ఆరు వేయండి.

వీలుంటే అన్నిటికన్నా మంచి దారి, పై రీపరును కాంక్రీటు బీముకో పిల్లరుకో పట్టించడం. పై వరస కాంక్రీటులో ఉంటే కింది రెండు వరసల గురించి దిగులు అక్కర్లేదు.

గోడలో కరెంటు పైపు ఉందో లేదో ఎలా?

స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో పైపు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిట్టనిలువుగా శ్లాబు దాకా వెళ్తుంది. ఆ గీతకు అటు 6 అంగుళాలు, ఇటు 6 అంగుళాలు బెజ్జం వేయకండి. బోర్డు కింద ఉండే ప్లగ్ పాయింటుకు పక్క స్విచ్‌బోర్డు నుంచి అడ్డంగా కూడా లాగి ఉండొచ్చు. కాబట్టి స్విచ్‌బోర్డుకూ ప్లగ్ పాయింటుకూ మధ్య ఉండే అడ్డగీతను కూడా అనుమానించండి. కుళాయిలకూ ఇదే సూత్రం.

మెయిన్ ఆపేసి, పొడవాటి వైరుతో పక్కింటి నుంచో ఇన్వర్టర్ లైను వేరుగా ఉంటే దాని నుంచో డ్రిల్లింగ్ మెషిన్ నడపడం ఉత్తమం. లేదా బ్యాటరీ మెషిన్ వాడండి. బిట్టు హఠాత్తుగా మెత్తగా దిగి తెల్లటి ప్లాస్టిక్ పీచు బయటికొస్తే అక్కడితో ఆగండి. ఎలక్ట్రీషియన్ చూసే వరకు మెయిన్ వేయకండి.

ప్లైవుడ్ ఏ రకం? ఎండీఎఫ్ చవక కదా?

ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసిన బోర్డు) వద్దు. మన వానాకాలపు గాలికి ఉబ్బుతుంది, ఒకసారి ఊడదీసిన స్క్రూ అదే బెజ్జంలో మళ్లీ పట్టదు.

ప్లైలో షాపువాళ్లు కమర్షియల్ అని చూపించేది ఇంటి లోపలి అలమరాలకు. కారు షెడ్డులో గాలీ తేమా రెండూ ఉంటాయి, కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ రకం తీసుకోండి. దీన్నే మెరైన్ ప్లై అంటారు. ముద్ర షీటు మీదే ఉండాలి, బిల్లు మీద రాస్తే చాలదు. అంచును వెలుతురుకు పెట్టి చూడండి: పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే ఆ షీటు పక్కన పెట్టించండి. నడిమి భాగాన్ని వేలి కణుపుతో తడుతూ వెళ్లండి, ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయి ఉంది.

మందం 12 మి.మీ. సరిపోతుంది. అయితే 12లో స్క్రూకు దొరికే పట్టు కూడా 12 మాత్రమే. అందుకే బరువైనవన్నీ వెనక రీపరు ఉన్న గీత మీదే తగిలించాలి. ఎక్కడ పడితే అక్కడ తగిలించే స్వేచ్ఛ కావాలంటే 18 మి.మీ. తీసుకోండి. బరువు ఇంకో ఐదారు కిలోలు పెరుగుతుంది, గోడ మంచిదైతే అది లెక్కలోకి రాదు.

రీపర్లు లేకుండా ప్లైని నేరుగా గోడకు బిగించేస్తే?

మన ప్లాస్టరింగ్ ఏదీ అద్దంలా ఉండదు. 4 అడుగుల్లో రెండు మూడు సూత్‌ల (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) ఎత్తుపల్లాలు మామూలే. నేరుగా బిగిస్తే పల్లమున్న చోట స్క్రూ బిగించేకొద్దీ ప్లై లోపలికి వంగుతుంది, బోర్డు ముఖం అలలా కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, వెనక గాలి ఆడదు. గోడ చెమ్మ నేరుగా ప్లైకి ఎక్కుతుంది, చెదలు వచ్చినా మీకు కనపడవు. బోల్టో మేకో బోర్డు దాటి వెనక్కి రావడానికి చోటు కూడా ఉండదు. 25 మి.మీ. సందు ఈ సమస్యలన్నిటినీ తీరుస్తుంది.

మొత్తం ఏమేం కొనాలి?

- 12 మి.మీ. బీడబ్ల్యూపీ ప్లై, 4×4 అడుగులు: 1
- 2×1 అంగుళాల రీపర్లు, 4 అడుగులవి: 3 (టేకు ముక్కలైతే మేలు, కాకపోతే బాగా ఎండిన ఏ గట్టి చెక్కైనా)
- 8 మి.మీ. నైలాన్ ప్లగ్గులు, 50 మి.మీ. పొడవువి: 12, పైన 3 అదనం
- 10 నంబరు 75 మి.మీ. స్క్రూలు: 12, పైన 3 అదనం
- వాటికి వాషర్లు: 12
- 8 నంబరు 32 మి.మీ. స్క్రూలు, రీపర్లకు ప్లై బిగించడానికి: 15
- 8 మి.మీ. కాంక్రీటు బిట్టు, 5 మి.మీ. చెక్క బిట్టు: ఒక్కోటి
- వుడ్ ప్రైమర్, లేత రంగు ఎనామిల్ పెయింటు: అర లీటరు చొప్పున
- 120 నంబరు ఉప్పు కాగితం: 2

స్క్రూలు జింకు పూతవో స్టీలువో తీసుకోండి. నల్ల జిప్సం స్క్రూలు చవకే కానీ పెళుసు. గుంజు పడితే వంగవు, విరుగుతాయి. విరిగిన ముక్క ప్లగ్గులోనే మిగిలిపోతుంది.

32 మి.మీ. స్క్రూ పొడవు కూడా ఆలోచించి చెప్పిందే. 12 ప్లై, 25 రీపరు కలిపితే 37. 40 మి.మీ. స్క్రూ వేస్తే మొన గోడకు తగిలి రీపరును గోడ నుంచి వెనక్కి నెడుతుంది.

ఎంత ఎత్తులో?

కింద బల్ల లేకపోతే బోర్డు అడుగు నేల నుంచి 2 అడుగుల 9 అంగుళాలు. పై అంచు 6 అడుగుల 9 అంగుళాలకు వస్తుంది. మోచేతి నుంచి కంటి దాకా ఉన్న భాగమే చేతికి సుఖం, రోజూ వాడేవన్నీ అక్కడే ఉండాలి. బల్ల ఉంటే 4 అడుగుల ఎత్తు ఎక్కువైపోతుంది. 2 అడుగుల 10 అంగుళాల బల్ల మీద 4 అంగుళాలు వదిలితే బోర్డు పైభాగం 7 అడుగులు దాటుతుంది, అక్కడివి అందవు. అప్పుడు ప్లైని 3 అడుగుల ఎత్తుకు కోయించండి. మిగిలిన 4×1 ముక్క స్క్రూడ్రైవర్ల పట్టీకీ చిన్న అరలకూ పనికొస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఉలులు, రంపాలు, కత్తులు 5 అడుగుల పైనే.

బిగించే వరస ఏమిటి?

మొదట ప్లై. రెండు వైపులా, ముఖ్యంగా నాలుగు అంచులకూ ఉప్పు కాగితం పట్టి ప్రైమర్ వేయండి. అంచుల్లోంచే నీరు తాగుతుంది కాబట్టి వాటికి రెండు పూతలు. వెనక వైపును వదిలేయకండి. ఒక వైపే పెయింటు వేసిన ప్లై తేమ తేడాకు వంగుతుంది. రీపర్లకు కూడా అన్ని వైపులా వేయండి.

ప్రైమర్ ఆరేలోగా గోడ మీద గీతలు. పై రీపరు, నడిమి రీపరు, కింది రీపరు, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 22 అంగుళాలు. రసమట్టంతో గీయండి. పొడవాటి మట్టం లేకపోతే పారదర్శక ట్యూబులో నీళ్లు పోసి మేస్త్రీలు చూసే పద్ధతి ఇంకా ఖచ్చితం, ట్యూబులో బుడగలు లేకుండా చూసుకుంటే చాలు.

ప్రతి రీపరుకు రెండు చివరల నుంచి 2 అంగుళాలు వదిలి, మధ్యలో సమదూరంలో మొత్తం నాలుగు 5 మి.మీ. బెజ్జాలు వేయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: రీపరును గోడకు ఆనించి నాలుగు గుర్తులూ ఒకేసారి పెట్టి, నాలుగు బెజ్జాలూ వేసేస్తారు. ఇటుకలో చిన్న రాయి తగిలితే బిట్టు 2, 3 మి.మీ. పక్కకు జారుతుంది. అప్పుడు నాలుగింటిలో ఏదో ఒకటి కలవదు. మొదట ఒక చివర బెజ్జం వేసి రీపరును వదులుగా తగిలించండి. మట్టం చూసి రెండో చివర గుర్తు పెట్టి బిగించండి. ఆ తర్వాత రీపరు బెజ్జాల్లోంచే మధ్య రెండు గుర్తులు పెట్టండి.

బిట్టుకు మొన నుంచి 60 మి.మీ. దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి, లోతు తెలుస్తుంది. మొదట హ్యామర్ లేకుండా చిన్న గుంట చేసి, తర్వాత హ్యామర్ వేయండి. బెజ్జంలోని పొడిని ఊది గానీ సన్నని బ్రష్‌తో గానీ తీసేయాలి, కళ్లద్దాలు పెట్టుకోండి. పొడి లోపలే ఉంటే ప్లగ్గు చివరిదాకా దిగదు. సుత్తితో కొట్టి దించితే తల చితికిపోతుంది. ప్లగ్గు బొటనవేలితో సగం దిగి, మిగతా సగం సుత్తి దెబ్బలకు దిగాలి. బొటనవేలితోనే మొత్తం దిగిపోయిందంటే బెజ్జం పెద్దదైంది, 10 మి.మీ. ప్లగ్గుకు మారండి. అగ్గిపుల్లలు దూర్చి సరిపెట్టకండి. ఎండాకాలం చెక్క కుదించుకుపోగానే వదులవుతుంది.

రీపర్లు మూడూ బిగిశాక దారం పట్టి చూడండి, మూడింటి ముఖాలూ ఒకే తలంలో ఉండాలి. వెనక పడ్డదానికి ప్లై పొర ముక్కలు చెక్కండి. చివరగా ఇద్దరు కలిసి ప్లైని ఎత్తి, పై వరస మధ్య స్క్రూతో మొదలుపెట్టి రీపరుకు ఐదు చొప్పున బిగించండి. ప్లై ముఖం మీద రీపర్ల గీతలు పెన్సిలుతో గీసి ఉంచుకోవడం మరవకండి.

పనిముట్లను ఏ క్రమంలో అమర్చాలి?

గోడ మీద ఆలోచించకండి, నేల మీద ఆలోచించండి. నేల మీద సుద్దముక్కతో 4×4 చదరం గీసి, ఉన్నవన్నీ అందులో పరచండి. ఫోటో తీసుకుని రెండు రోజులు అలా ఉంచి, వాడుకున్నప్పుడల్లా తీసి పెట్టి చూడండి. ఏది దేని పక్కన ఉండాలో చేతికే తెలుస్తుంది. కటింగ్ ప్లేయర్, టెస్టరు, ఇన్సులేషన్ టేపు ఒక చోట. ఉలులు, సుత్తి, మూలమట్టం, చిత్రిక ఒక చోట. పానాలన్నీ సైజు వరసలో.

రెండు పనిముట్ల మధ్య వేళ్లు దూరేందుకు కనీసం అంగుళం ఉండాలి. పైకి ఎత్తి తీయాల్సిన సుత్తి లాంటివాటికి నెత్తిన 2 అంగుళాల ఖాళీ ఉండాలి. పరిచినప్పుడు ఇది గుర్తుకు రాదు, మేకులు కొట్టాక పై వరసకు తగులుతుంది. నాలుగో వంతు చోటు ఖాళీగా వదలండి, కొత్తవి వస్తూనే ఉంటాయి.

అమరిక కుదిరాక ఒక్కోదాని చుట్టూ మార్కరుతో గీత గీయండి. సాయంత్రం పని ముగించి లైటు ఆపే ముందు ఒక్క చూపు చూస్తే ఖాళీ గీత కనిపిస్తుంది. టెస్టరు ఎక్కడో శ్లాబు మీద మర్చిపోయారని అప్పుడే తెలుస్తుంది, వాన పడ్డాక కాదు. లేత రంగు పెయింటు అనేది కూడా ఇందుకే. ముదురు రంగు మీద గీత కనపడదు.

ఏ పనిముట్టుకు ఎలాంటి పట్టు?

సుత్తికి రెండు 3 అంగుళాల మేకులు చాలు, వాటి మధ్య దూరం పిడి మందం కన్నా పావు అంగుళం ఎక్కువ. మేకులను కాస్త పైకి వాల్చి కొట్టండి. 12 మి.మీ. ప్లైలో మేకు వెనక్కి దూసుకొస్తుంది, రీపరు గీత మీదైతే నిలుస్తుంది.

స్క్రూడ్రైవర్లకు 2 అంగుళాల వెడల్పు చెక్కపట్టీలో బెజ్జాలు. కాడ దూరి పిడి ఆగేంత ఉండాలి. మామూలు వాటికి 10 మి.మీ., పెద్దవాటికి 12. ఉలులకు బెజ్జం వద్దు, ముందు తెరిచిన గాడి కోయండి. ఎత్తకుండా ముందుకు లాగి తీయొచ్చు, పదును దేనికీ తగలదు. మ్యాగ్నెట్ పట్టీ చూడ్డానికి బాగుంటుంది కానీ ఉలి అయస్కాంతమైపోతుంది. ఆ తర్వాత ఇనుప రజను మొన చుట్టూ అంటుకుని, నూరేటప్పుడు అడ్డం పడుతుంది.

రంపానికి పిడి లోపలి ఆకారానికి సరిపడా చెక్కముక్క కోసి, దానికి తగిలించాలి. మేకుకు వేలాడదీస్తే గాలికి ఊగి పళ్లు పక్కవాటికి తగులుతాయి.

బ్యాటరీ డ్రిల్లుకు అర వేసి, ముందు వైపు తెరిచిన గాడి కోయండి. గాడి వెడల్పు పిడి మందం కన్నా పావు అంగుళం ఎక్కువ. మెషిన్ ఒళ్లు అర మీద కూర్చుంటుంది, పిడి, బ్యాటరీ కిందికి వేలాడతాయి. అర ముందు అంచుకు సన్నని బద్దె కొడితే జారదు. గ్రైండరును వైరుతో వేలాడదీయకండి. వైరు మెషిన్‌లోకి దూరే చోట లోపల తెగుతుంది, పైకి కనపడదు.

గునపం, పార, నిచ్చెన ఈ బోర్డు మీదకు రాకూడదు. వాటికి కింద నేలకు దగ్గరగా వేరే రీపరు.

బజారులో దొరికే బెజ్జాల పెగ్‌బోర్డు కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు. స్టీలు రేకుది తీసుకోండి, చెక్కపొట్టు బోర్డు వద్దు. కొక్కేలు వేరే చోట కొనేటట్టయితే బెజ్జాల మధ్య దూరం, బెజ్జం వ్యాసం కొలిచి తీసుకెళ్లండి, కంపెనీకొక కొలత ఉంటుంది. వీటితో తరచూ వచ్చే చికాకు ఏమిటంటే, పనిముట్టు తీసినప్పుడు కొక్కెం కూడా చేతిలోకి వస్తుంది. కొక్కెం కింద ఒక జిప్ టై వేసి వెనక నుంచి బిగిస్తే ఆగుతుంది.

ఫ్రెంచ్ క్లీట్ అంటే?

18 మి.మీ. ప్లై పట్టీని పొడవునా మధ్యలో 45 డిగ్రీల వాలుతో కోస్తే రెండు ముక్కలవుతాయి. ఒకటి వాలు పైకి, లోపలివైపుకు ఉండేలా గోడకు. రెండోది తలకిందులుగా అరకో పెట్టెకో వెనక. ఒకదాని మీద ఒకటి కూర్చుంటే బరువు పెరిగేకొద్దీ గోడకు ఇంకా హత్తుకుంటుంది. స్క్రూలు విప్పకుండా ఎక్కడికంటే అక్కడికి మార్చుకోవచ్చు. వరసల మధ్య 6 నుంచి 8 అంగుళాలు. వాలు కోత చేతిరంపంతో నిక్కచ్చిగా రాదు, టేబుల్ రంపం ఉన్న కార్పెంటరు దగ్గర కోయించండి. అన్ని పట్టీలూ ఒకే రోజు, ఒకే సెట్టింగులో కోయించాలి. మరోసారి కోయిస్తే ఒక డిగ్రీ తేడా వచ్చినా కూర్చోవు.

చెదలు, తుప్పు?

చెదలు నేల నుంచి గోడ వెంబడి మట్టి గీతలా పైకొస్తాయి. బోర్డు కింద ఏ కాలు కూడా నేలకు ఆనకుండా ఉంటే అవి ఎక్కడానికి గోడ ఒక్కటే దారి. నెలకోసారి టార్చిలైటుతో వెనక సందులోకి చూడండి. గీత కనిపిస్తే గీకేస్తే సరిపోదు, మళ్లీ కట్టుకుంటాయి. అది మొదలైన చోట, అంటే గోడా నేలా కలిసే మూల, చెదల మందు పట్టించాలి.

తుప్పు సంగతికొస్తే, విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో మెషిన్ ఆయిల్ గుడ్డతో నెలకోసారి తుడవాల్సిందే. వంటనూనె వద్దు, జిగురు కట్టి దుమ్ము పట్టేస్తుంది. తీరానికి దూరంగా ఉన్నా కూడా పనిముట్లు వారాల్లో ఎర్రబడుతున్నాయంటే షెడ్డులో బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఉందేమో చూడండి. మూత బిగించి ఉన్నా దాని ఆవిరి మెల్లగా బయటికొస్తుంది, ఆ గదిలో ఉన్న ఇనుమంతా తింటుంది. బ్లీచింగ్ పౌడరు, ఎరువుల సంచులు, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఇంతే. వాటిని వేరే చోటికి మార్చండి.

బోర్డు మీదే ఛార్జర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ మధ్యాహ్నం ఎండ పడే గోడకు, రేకు కప్పు ఉన్న షెడ్డుకు వద్దు. మే నెలలో అక్కడి వేడికి లిథియం బ్యాటరీలు త్వరగా పాడవుతాయి. బ్యాటరీలు ఇంట్లో ఉంచి, మెషిన్లు బోర్డు మీద ఉంచండి.

అమెరికాలో ఉంటున్నాం. గ్యారేజీ గోడ జిప్సం బోర్డు. ఇదే పద్ధతా?

ప్లగ్గులు అక్కర్లేదు. జిప్సం వెనక చెక్క స్టడ్లు (నిలువు చెక్కలు) ఉంటాయి, సాధారణంగా 16 అంగుళాలకొకటి, కొన్నిచోట్ల 24కి. స్టడ్ ఫైండర్‌తో గానీ, జిప్సం స్క్రూ తలలను పట్టుకునే చిన్న అయస్కాంతంతో గానీ కనుక్కోండి. ముప్పావు అంగుళం రీపరు, అర అంగుళం జిప్సం పోగా స్టడ్‌లోకి ఒకటింపావు అంగుళం దిగేలా రెండున్నర అంగుళాల స్క్రూ వాడండి. అంతకన్నా పొడవు వద్దు, స్టడ్ మధ్యలోంచి వైరు వెళ్తుంది. స్టడ్ లేని చోట జిప్సానికే బిగించే యాంకర్ల మీద ఈ బోర్డును వేలాడదీయకండి. స్టడ్లు 16 అంగుళాలకొకటి ఉంటే 4 అడుగుల బోర్డుకు కనీసం మూడు దొరుకుతాయి, 24కైతే మామూలుగా రెండే. ప్రతి రీపరూ దొరికిన అన్నిటికీ తగలాలి.

అద్దె ఇల్లు. యజమాని బెజ్జాలు వద్దంటున్నారు.

రెండు నిలువు రీపర్లతో ఇంగ్లిషు 'A' అక్షరం ఆకారపు స్టాండు చేయించి, దానికి బోర్డు బిగించండి. అడుగు రెండున్నర అడుగుల లోతుండాలి, కింది అరలో బరువైన పెట్టె పెట్టాలి. యజమాని ఒప్పుకుంటే పైన ఒక్క బెజ్జంతో గోడకు గొలుసు కట్టండి, ముందుకు పడకుండా ఆపేది అదే. ఖాళీ చేసేటప్పుడు ఆ బెజ్జంలోని ప్లగ్గును స్క్రూ సగం బిగించి ప్లేయర్‌తో లాగితే వస్తుంది. పుట్టీ పెట్టి ఆరాక ఉప్పు కాగితం పట్టి, గోడ రంగు ఒక చుక్క అద్దితే సరిపోతుంది.